మిగిలిన సున్నం

పుస్తకాల పంతులు లోపల హాల్లో చరిత్ర చదువుతుంటే, వెల్లక్క బయట నిచ్చెన మీద నిలబడి అదే గోడకు సున్నం వేస్తోంది. ఇద్దరికీ మధ్య తెరిచిన కిటికీ ఒక్కటే అడ్డు.

మరో మూడు రోజుల్లో ఉమ్మడి సంఘం వస్తోందట. ఈ దేశం వాళ్ళూ, ఆ దేశం వాళ్ళూ, ఇద్దరికీ చుట్టం కాని దూరదేశపు మధ్యవర్తి ఒకావిడా కలిసి కొండెక్కి, హద్దు ఎక్కడో తేలుస్తారట. అందుకని సరిహద్దు ఆఫీసు గోడలకు హఠాత్తుగా యోగం పట్టింది. వానలకు నాచు పట్టి నల్లబడినా ఎవరికీ కనపడని గోడలు నిన్నటి నుంచి అందరి కళ్ళలోనూ పడుతున్నాయి.

వెల్లక్కకు యాభై రెండేళ్ళు. అసలు పేరు ఆఫీసు రిజిస్టర్లో ఉంది, మనుషుల నోట్లో లేదు. ఏడాదంతా ఆఫీసు గోడలకూ, రెండేళ్ళకోసారి కొండ మీది పద్నాలుగు హద్దురాళ్ళకూ వెల్ల వేయడం ఆమె పని. రాళ్ళకు ఒక ఏడు ఈ వైపు వాళ్ళు వేస్తే, మరుసటి ఏడు ఆ వైపు వాళ్ళు వేయాలని ఒప్పందం. అంతకుముందు ఆ పని వాళ్ళ నాన్నది. పన్నెండేళ్ళ కిందట ఆయన పోతే, కుంచె ఈవిడ చేతికి వచ్చింది.

లోపల పంతులు గొంతు సవరించుకున్నాడు. రాజధాని నుంచి వచ్చిన ప్రొఫెసరు ఆయన. సంఘం ముందు చదవాల్సిన వ్యాసాన్ని ముందుగా ఆఫీసు వాళ్ళకు వినిపిస్తున్నాడు. "వివాదాస్పదమైన నడిమి వాలుకున్న చారిత్రక ప్రాధాన్యం" అని పేరు చెప్పి, ఉప్పు బళ్ళు నడిచిన దారి నుంచి ఎత్తుకున్నాడు. ఏ రాజు ఏ ఏడు ఆ వాలు దాటాడో, ఊట పక్కన సుంకం గేటు ఎవరు కట్టించారో, ఎవరు పడగొట్టారో చెబుతుంటే వెల్లక్కకు ముచ్చటేసింది. తను ఏటా మేకల్ని అదిలిస్తూ దాటే రాళ్ళ గుట్టకు ఇంత కథ ఉందా అనుకుంది. మొదటి పూత అడ్డంగా అయిపోయింది. రెండో పూత నిలువుగా మొదలుపెట్టింది. తడి మీద సున్నం వేసినట్టే కనపడదు, ఆరుతున్న కొద్దీ తెలుపు పైకి వస్తుంది.

"ఇక పద్నాలుగో రాయి సంగతి," అన్నాడు పంతులు. "యాభై ఎనిమిదేళ్ళ కిందట పాతినప్పుడు ఆ రాయి ఊటకు అవతల, సుంకం గేటు దగ్గర ఉండేది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట, వరద వచ్చిన సంవత్సరం, రాళ్ళకు సున్నం వేసే కూలీ ఒకడు పొరుగువాళ్ళ దగ్గర లంచం తిని, దాన్ని ఊటకు ఇవతలికి జరిపాడు. కనుక ఊటా, దాని చుట్టూ ఉన్న వాలూ న్యాయంగా మనవి."

లోపల చప్పట్లు మోగాయి.

వెల్లక్క చేతిలో కుంచె అలాగే నిలిచిపోయింది. సున్నం మణికట్టు మీదుగా కారి, మోచేతి దగ్గర చుక్కలు కట్టి, నిచ్చెన మెట్టు మీద టపటపా రాలింది. వరద వచ్చిన ఏడు ఆ కూలీ ఎవరో ఊళ్ళో అడిగితే పసిపిల్లలు కూడా చెబుతారు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు, రెండు దేశాల తగాదా వచ్చి చచ్చిపోయిన వాళ్ళ నాన్న నెత్తిన పడింది.

దిగి లోపలికి దూసుకుపోదామనుకుంది. కానీ గోడ సగంలో ఉంది. సగంలో ఆపితే అతుకు కనబడుతుంది, మళ్ళీ ఎన్ని పూతలు వేసినా ఆ గీత పోదు. పళ్ళు బిగించి గోడ చివరిదాకా లాగి, అప్పుడు దిగింది. పంతులు గుమ్మం దాటి బయటికి వచ్చేసరికి ఎదురుగా నిలబడి ఉంది, మోచేతుల దాకా తెల్లగా.

"అయ్యా, మీరు చెప్పిన ఆ కూలీ మా నాన్నండీ."

పంతులు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చెడ్డవాడు కాదు, ఇరుకున పడ్డాడు. "నేను కల్పించింది కాదమ్మా. అప్పటి గుమాస్తా రాసిన అర్జీ ఉంది. దస్తావేజులో ఉన్నది ఉన్నట్టు రాశాను."

"రాసినాయన ఒక్కసారైనా కొండెక్కాడాండీ?"

పంతులు చేతిలోని కాగితాలు సర్దుకున్నాడు. వెనక నుంచి ఆఫీసరు వచ్చి, "నీ పని గోడ మీద, గుమ్మంలో కాదు" అన్నాడు. ఎంత ఎండలోనూ చొక్కా మడత నలగదు కాబట్టి ఆయన్ని చాటున అందరూ ఇస్త్రీ బాబు అంటారు.

ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లో బట్టలు ఆరేస్తోంది. ఎనభై దగ్గర పడినా తెల్లబట్టలు ఇంకొకరిని ఉతకనివ్వదు. వెల్లక్క మొగుడు లారీ మీద వారానికోసారి ఇల్లు చేరతాడు. అతని బనీన్లు కూడా ఆ ముసలావిడ చేతిలో కొత్తవాటిలా మెరవాల్సిందే.

సంగతి విని అమ్మ బట్ట దులపడం ఆపింది. చెవుడు కాబట్టి రెండుసార్లు చెప్పించుకుంది.

"లంచమా? మీ నాన్నా? లంచం మేసేవాడే అయితే పెట్టెలో నా నీలిమందు పొట్లాలు ఎందుకు కాజేస్తాడే?"

వెల్లక్కకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ పాట ఆమె చిన్నప్పటి నుంచి వింటున్నదే. ఆమె బడికి వెళ్ళే రోజుల్లో రెండు దేశాల మధ్య యుద్ధం నాలుగేళ్ళు నడిచింది. అప్పుడు తెల్లబట్టలకు పెట్టే నీలిమందు కరువు. అమ్మ ఎక్కడో బతిమాలి తెచ్చి, బట్టల పెట్టె అడుగున దాచిన పొట్లాలు ఒక ఏడు ఒకటీ, ఏడాది విడిచి ఇంకొకటీ మాయమయ్యాయి. అడిగితే ఆయన తల వంచుకున్నాడు తప్ప నోరు విప్పలేదు. వెల్లక్క బడి జాకెట్టు పసుపుపచ్చగా మారింది. మాసిన బట్టలని టీచరు వెనక వరసలో కూర్చోబెట్టింది. ఆ వెనక వరస ఆమెకు ఇప్పటికీ గుర్తే.

"ఎవత్తె చీరలు తెల్లగా మెరిశాయో, ఆ దేవుడికే తెలియాలి," అంది అమ్మ, ఎప్పుడూ అనే మాటే. మళ్ళీ అంతలోనే గొంతు మార్చింది. "అది మా ఇద్దరి పేచీ. దానికి నేను తిడతాను, అది నా హక్కు. రాయి జరిపాడని ఇంకొకడు అంటే మటుకు ఊరుకునేది లేదు. ఆయన రాయి దగ్గర నవ్వేవాడు కూడా కాదే. గుళ్ళో ఉన్నట్టు ఉండేవాడు."

మర్నాడు ఇస్త్రీ బాబు తన గదిలోకి పిలిపించాడు. "కూర్చో అక్కా" అన్నాడు. పన్నెండేళ్ళలో ఆ గదిలో ఆమెకు కుర్చీ దొరకడం అదే మొదలు. కూర్చుంటే కుర్చీకి సున్నం అంటుతుందేమోనని అంచు మీద ఆనుకుంది.

ఆయన ఒక కాగితం ముందుకు జరిపాడు. వరద వచ్చిన ఏడు తన తండ్రి పద్నాలుగో రాయిని జరిపిన మాట తనకు తెలుసునని అందులో టైపు చేసి ఉంది. కింద సంతకానికి చోటు.

"చూడు, ఆయన పోయి పన్నెండేళ్ళయింది. ఆయనకి ఇప్పుడు పోయేదేం లేదు. దేశానికి ఒక ఊట వస్తుంది, చరిత్ర ఉన్న వాలు వస్తుంది. నువ్వు రోజుకూలీవి. ఈ సంతకం పడితే వచ్చే నెల నుంచి పర్మనెంటు."

"చచ్చినవాడికి పరువు తప్ప ఇంకేం మిగులుతుంది బాబూ? ఉన్న ఆ ఒక్కటీ పోదంటారేంటి?"

"నువ్వు ఈ దేశపు మనిషివి కాదా?"

"అవును బాబూ. ఈ దేశపు మనిషికే పుట్టాను. ఆయన దొంగ కాదు." వెల్లక్క లేచి నిలబడింది. "ఈ సంతకం పెడితే సున్నం వేయడానికి నాకు ఉద్యోగం ఉంటుంది. ఇంటికెళ్ళి మా అమ్మని చూడ్డానికి మొహం ఉండదు."

"అయితే రేపటి నుంచి రానక్కర్లేదు," అన్నాడు ఇస్త్రీ బాబు. కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా సొరుగులో పెట్టుకున్నాడు.

కుంచె, బాల్చీ అప్పగించి ఆమె బయటికి వచ్చింది. కుంచె నాన్నది. నారను దంచి, చీల్చి, తాడుతో బిగించి ఆయనే కట్టుకున్నది. కానీ దాని పిడి మీద ఆఫీసు నంబరు ఉంది, వాదించి లాభం లేదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఆమె వైపు చూడలేక ఆకాశం వైపు చూశాడు. ఈ ఏడు రాళ్ళకు సున్నం వేసే పని అతని మీద పడింది మరి.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆ వాచ్‌మన్ ఆమె ఇంటి అరుగు మీద ఉన్నాడు, రెండు చేతులూ గాలిలో పెట్టుకుని. అరిచేతుల నిండా బొబ్బలు.

"ఏం చేశావు తమ్ముడూ?"

"సున్నం రాళ్ళు బాల్చీలో వేసి, నీళ్ళు పోసి, కలిపి, వేసేశానక్కా."

"అప్పటికప్పుడా? చేత్తోనా?"

"సున్నం వేయడం కూడా ఒక పనేనా అనుకున్నా."

వెల్లక్క అతని చేతులు నీళ్ళ ధార కింద కడిగించి, నూనె రాసింది. రాస్తూ రాస్తూనే చివాట్లు పెట్టింది. కాల్చిన సున్నపురాయి నీళ్ళు తాగి, పొంగి, కుతకుతలాడి, చల్లబడి, కుండలో నీళ్ళ కింద కనీసం ఇరవై రోజులు మగ్గాలి. అప్పుడు గుడ్డలో వడకట్టి, గంజీ ఉప్పూ కలపాలి. పచ్చి సున్నం వేస్తే అది మనిషి మీద కోపం చేతుల మీద, రాయి మీద కోపం పెచ్చుల మీద తీర్చుకుంటుంది.

"పెచ్చులే ఊడుతున్నాయి," అన్నాడు అతను దీనంగా. "పద్నాలుగో రాయి మరీ ఘోరం. బొల్లి వచ్చినట్టుంది. రేపు పదింటికి సంఘం వాళ్ళు సరిగ్గా దాని ముందే నిలబడతారు. బాబు నిన్ను రమ్మంటున్నాడు. రిజిస్టర్లో నీ పేరు మాత్రం రాయడట. రమ్మంటున్నాడంతే. కుంచె ఇచ్చి పంపాడు."

లోపలి నుంచి అమ్మ అరిచింది. "వెళ్ళకే! ఒక కంట వెన్న, ఒక కంట సున్నం పెట్టే మనిషి దగ్గరికి నువ్వెందుకు?"

వెల్లక్క కుంచె అందుకుని, నార వేళ్ళతో దువ్వి, ఎండిన పెచ్చులు దులిపింది. "ఆయన కోసం కాదమ్మా. రాయి ఏం పాపం చేసింది?"

పెరట్లో కుండ మూత తీసింది. ఇరవై మూడు రోజులుగా మగ్గిన సున్నం మీగడలా ఉంది.

పొద్దున్నే కొండెక్కి, పద్నాలుగో రాయి పెచ్చులు గీకి, కడిగి, తడి ఉండగానే పూత మొదలుపెట్టింది. ఈ వైపు వాళ్ళు సున్నంలో చిటికెడు నీలిమందు కలుపుతారు. ఆ వైపు వాళ్ళకు నీలం గిట్టదు, కొండ మీది ఎర్రమట్టి కలుపుతారు. దూరం నుంచి రెండూ తెలుపే. దగ్గరికి వస్తే ఒక ఏటి రాయి కాస్త నీలంగా, మరుసటి ఏటి రాయి కాస్త ఎర్రగా ఉంటుంది.

ముందుగా వచ్చినవాడు ఆ వైపు వెల్ల వేసే మనిషి. అరవై దాటిన ఎర్రన్న. గోళ్ళ సందుల్లో ఎర్రమట్టి వదలదు కాబట్టి ఆ పేరు. ఏటేటా వంతు అప్పగించుకోవడానికి కలుస్తారు కనుక అన్నాచెల్లెళ్ళ వరస కలుపుకున్నారు.

"బాగున్నావా చెల్లెమ్మా? నీలం కాస్త ఎక్కువైనట్టుందే ఈసారి."

ప్రతి వంతుకూ అనే ఆ పరాచికానికి ప్రతి వంతుకూ ఆమె నవ్వేది. ఈసారి నవ్వు రాలేదు. "మా నాన్న ఈ రాయిని జరిపాడంటున్నారు అన్నయ్యా. మీ వాళ్ళ దగ్గర లంచం తిన్నాడట."

ఎర్రన్న మొహం మాడిపోయింది. ఏదో చెప్పబోయి, వెనక బూట్ల చప్పుడు విని, నోరు మూసుకున్నాడు.

సంఘం వచ్చింది. మధ్యవర్తి పొడుగాటి ముసలావిడ. కాన్వాసు బూట్లు వేసుకుని అందరికంటే ముందు ఎక్కింది. పక్కనే దుబాసీ కుర్రమ్మాయి, ఆయాసపడుతూ. వెనక ఇస్త్రీ బాబు, ఆ వైపు ఆఫీసరు, పంతులు. పంతులు రాయి పక్కన నిలబడి వ్యాసం చదివాడు. ఉప్పు బళ్ళు, రాజులు, సుంకం గేటు అన్నీ మళ్ళీ వచ్చాయి. కూలీ దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది. "కూలీ ఒకడు" అన్న మాట మింగేసి "అప్పటి పనివారు" అన్నాడు. అయినా లంచం లంచమే కదా. ఆ వైపు ఆఫీసరు ముందుకొచ్చి, అదంతా అబద్ధమన్నాడు. ఇస్త్రీ బాబు అర్జీ తీసి చూపించాడు. మా దగ్గర కాగితం ఉంది, మీ దగ్గర ఏముంది అన్నాడు. మధ్యవర్తి ఇద్దరి మాటలూ రాసుకుంటోంది.

వెల్లక్క పూత ముగిసింది. బాల్చీ అడుగున చారెడు సున్నం మిగిలింది. అలవాటుగా రాయి దిగువన, గడ్డి మొలిచిన గుంట దగ్గరికి వెళ్ళి బాల్చీ వంచబోయింది.

హద్దుకు తెచ్చిన సున్నం తిరిగి ఇంటికి పట్టుకెళ్ళకూడదని వాళ్ళ వృత్తిలో మాట. పట్టుకెళితే ఇంట్లో మనుషుల మధ్య గోడ లేస్తుందట. అందుకని పద్నాలుగూ అయ్యాక మిగిలినదంతా చివరి రాయి కాళ్ళ దగ్గర పోసి, చేతులు దులుపుకుని దిగాలి. తను అలాగే పోసింది. నాన్న అలాగే పోశాడు. ఎర్రన్న పోశాడు, ఎర్రన్న వాళ్ళ నాన్న పోశాడు.

బాల్చీ సగం వంగి ఆగిపోయింది.

"అమ్మా!" అంది మధ్యవర్తి వైపు తిరిగి. ఆ కేకకు తనే ఉలిక్కిపడింది. "ఈ గుంట తవ్వించండమ్మా."

"ఆవిడ రోజుకూలీ," అన్నాడు ఇస్త్రీ బాబు తొందరగా. "ఇప్పుడు అది కూడా కాదు."

దుబాసీ అమ్మాయి రెండు మాటలూ చెప్పింది. మధ్యవర్తి కలం మూసి, ఏదో అడిగింది. "ఎందుకు తవ్వాలి అంటున్నారు," అంది దుబాసీ.

వెల్లక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. మాటలు వాటంతటవే వచ్చాయి. "ఏడాదికోసారి మిగిలిన సున్నం ఇక్కడే పోస్తామమ్మా. పోసింది పోసినట్టు గట్టిపడుతుంది. మా ఏడు నీలం, వాళ్ళ ఏడు ఎరుపు. రాయి ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఇక్కడికి వచ్చి ఉంటే, కింద ముప్పై ఒక్క పొరలకు మించి ఉండవు. అప్పుడు పంతులుగారిదే నిజం, మా నాన్న దొంగే. అంతకు మించి ఉంటే రాయి మొదటి నుంచీ ఇక్కడే ఉంది. మధ్యలో యుద్ధం నాలుగేళ్ళూ పని ఆగిపోయిందని రెండు వైపుల రిజిస్టర్లలోనూ ఉంది. కాబట్టి యాభై ఎనిమిదిలో నాలుగు పోను యాభై నాలుగు ఉండాలి. లెక్కపెట్టండి."

ఎర్రన్న అప్పటికే గునపం కోసం వెళ్ళాడు.

గడ్డి చెక్కి, పైపై మట్టి తీస్తే తెల్లటి పెచ్చు తగిలింది. పలకలా కాదు, అరుగులా ఉంది. వెల్లక్క ఉలి అడిగి తీసుకుంది. అడ్డదిడ్డంగా కొడితే పొరలు చెదిరిపోతాయని, చుట్టూ గాడి చేసి, సుతారంగా తట్టుతూ ఇటుకంత ముక్క లేపింది. జానెడు మందం. పక్క భాగాన్ని గరుకు రాయి మీద రుద్ది నున్నగా చేసింది. బూడిద రంగు తప్ప ఏమీ కనపడలేదు. ఇస్త్రీ బాబు పెదవి విరిచాడు.

ఆమె దోసెడు నీళ్ళు చల్లింది. తడి తగలగానే చారలు పైకి లేచాయి. ఎరుపు, నీలం, ఎరుపు, నీలం, వాటి మధ్య ఏటేటా పేరుకున్న మట్టి సన్నగీతలా.

పంతులు వ్యాసం సంచిలో కుక్కేశాడు. భూతద్దం తీసి, ఖరీదైన ప్యాంటుతో సహా మట్టిలో మోకరిల్లాడు. పెన్సిలు మొన ఒక్కో చారకూ ఆనిస్తూ, పైనుంచి కిందికి గట్టిగా లెక్కపెట్టాడు. ఇరవై దాటాడు. ఇరవై అయిదు. ఇరవై తొమ్మిది. ముప్పై. ముప్పై ఒకటి. పంతులు ఒక్క క్షణం ఆగి తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"ముప్పై రెండు," అన్నాడు.

వెల్లక్క రాయికి చేరగిలబడబోయి, పూత తడిగా ఉందని గుర్తొచ్చి నిలదొక్కుకుంది. ఆ తర్వాతి అంకెలు ఆమెకు మంగళవాద్యంలా వినపడ్డాయి. నలభై. యాభై. యాభై నాలుగు. పంతులు ఆగలేదు. యాభై అయిదు, యాభై ఆరు, యాభై ఏడు, యాభై ఎనిమిది. కింద ఉత్త మట్టి.

"చూశారా!" ఇస్త్రీ బాబు దూకాడు. "రిజిస్టరు ప్రకారం యాభై నాలుగు. ఇక్కడ నాలుగు ఎక్కువ. ఈ లెక్కే తప్పు!"

మధ్యవర్తి తల అడ్డంగా ఊపింది. "నాలుగు తీసేసినా యాభై నాలుగు. ముప్పై ఒకటి కాదు," అని దుబాసీ చెప్పింది. "రాయి జరగలేదు అంటున్నారు."

అంటే గెలిచేసినట్టే. అయినా వెల్లక్క బుర్రలో ఆ నాలుగూ ముల్లులా గుచ్చుకున్నాయి. ఎక్కడివి? ఎవరు పోశారు? పంతులు కూడా వదల్లేదు. ఈసారి అడుగు నుంచి పైకి లెక్కపెట్టుకుంటూ వచ్చాడు. పద్నాలుగో పొర దగ్గర పెన్సిలు ఆగింది. "ఇవిగో. పద్నాలుగు నుంచి పదిహేడు దాకా. మిగతావాటిలో సగం మందం కూడా లేవు. రెండు ఎరుపు, రెండు నీలం." గొంతు దిగిపోయింది. "ఇవి యుద్ధం జరిగిన ఏళ్ళు."

ఎర్రన్న గునపం కింద పెట్టి, తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"నా చేత ఒట్టు వేయించుకున్నారు చెల్లెమ్మా," అన్నాడు. "మా నాన్న, మీ నాన్న. బయటపడితే ఇద్దరికీ ఉరేనని. ఇప్పుడు ఇద్దరూ లేరు. సున్నమే చెప్పేసింది కాబట్టి నేనూ చెబుతాను. తుపాకులు పేలుతున్నప్పుడు కూడా వంతు తప్పలేదు. మేక తప్పిపోయిందని చెప్పి మా నాన్న పాకుతూ వచ్చేవాడు. మరుసటి ఏడు మీ నాన్న. రాయి మాసిపోతే మామూలు బండలా ఉంటుంది. హద్దు తెలియక పశువుల కాపరి నాలుగడుగులు ఇటు వేసినా, అటు వేసినా కాల్చేసేవాళ్ళు. రాయి తెల్లగా ఉంటే జనం ఆగుతారు, బతుకుతారు. ఎర్రమట్టి మాకు కొండ మీదే దొరికేది. మీ ఆఫీసు నీలిమందు ఆపేసిందట. ఆయన ఎక్కడినుంచి తెచ్చేవాడో మా నాన్నకి కూడా తెలీదు."

వెల్లక్క వంగి ఆ రెండు నీలం చారలూ చూసింది. పైవాటిలా ముదురు నీలం కాదు. లేత నీలం, ఉతికిన జాకెట్టు మీద ఉండాల్సిన నీలం.

ఆమెకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. రెండూ ఒకేసారి వచ్చాయి. "మా పెట్టెలోంచి," అంది. "మా అమ్మ పెట్టెలోంచి తెచ్చాడు అన్నయ్యా." బడిలో వెనక వరస ఆమెకు ఇప్పుడు సింహాసనంలా తోచింది.

పంతులు మోకాళ్ళ మట్టి దులుపుకోకుండానే లేచాడు. వ్యాసం తీసి, రాయి జరిపిన పేరాను అందరి ముందూ అడ్డంగా కొట్టేశాడు. "సుంకం గేటు ఎవడు కట్టించాడో నలభై పేజీలు రాశానమ్మా. నాలుగేళ్ళు రాయిని ఎవరు కాపాడారో ఒక్క ముక్క రాయలేదు. నన్ను క్షమించు."

మధ్యవర్తి ఆఫీసు రిజిస్టరు అడిగి తీసుకుంది. యుద్ధం ఏళ్ళ దగ్గర నాలుగు గళ్ళు ఖాళీగా ఉన్నాయి. ఆమె చెప్పిన మాట దుబాసీ చెబుతుంటే ఇస్త్రీ బాబు మొహానికి వేరే వెల్ల అక్కర్లేకపోయింది. ఆ ఖాళీల్లో ఇద్దరి పేర్లూ రాయాలట. ఈ ఏటి పూత ఎవరు వేశారో అదీ రాయాలట. నలగని చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయింది. ఆయనే కలం తీసి, ఆమె నోటివెంట అడిగి అడిగి, అయిదు గళ్ళూ నింపాడు. వెల్లక్క తన అసలు పేరు గట్టిగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పింది.

అప్పుడు బాల్చీలో మిగిలిన సున్నం గుంటలో పోసింది. యాభై తొమ్మిదోది.

ముక్కను మధ్యవర్తి గుడ్డలో చుట్టించి సీలు వేయించింది. ఉలి దెబ్బకు రాలిన బిళ్ళంత పెచ్చు ఒకటి గడ్డిలో మిగిలింది. అడుగు పొరలది. వెల్లక్క దాన్ని ఏరి, చేతిలో పెట్టుకుని, కాసేపు ఊగిసలాడింది. హద్దు సున్నం ఇంటికి తీసుకెళ్ళకూడదు. చివరికి కొంగున ముడేసుకుని కొండ దిగింది.

అమ్మ అరుగు మీద దుప్పటి మడత పెడుతోంది. వెల్లక్క పక్కన కూర్చుని, చెవి దగ్గర నోరు పెట్టి, మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. రాయి జరగలేదన్నప్పుడు అమ్మ, "నాకు తెలీదూ!" అంది. ఎర్రన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేతిలో దుప్పటి ఒళ్ళోకి జారింది.

"ఇంకోసారి చెప్పు," అంది. ఈసారి చెవుడు వల్ల కాదు.

వెల్లక్క కొంగు ముడి విప్పింది. "హద్దు సున్నం అమ్మా. ఇంట్లోకి తేకూడదంటారు, గోడ లేస్తుందని."

"నలభై ఏళ్ళుగా ఈ ఇంట్లో గోడ ఉండనే ఉంది," అంది అమ్మ. "ఇటివ్వు."

వేలు చెంబులో ముంచి పెచ్చు మీద రాసింది. నీలం మెల్లగా పైకి వచ్చింది. కంటికి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, మళ్ళీ దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నాదే," అంది. "నేను కొన్న రంగే. ఇంకెవత్తెకీ ఇవ్వలేదన్నమాట."

"ఇవ్వలేదమ్మా."

ముసలావిడ చెంపల మీద కారుతున్న నీళ్ళు తుడుచుకోలేదు. మాట్లాడినప్పుడు మాత్రం పాత గొంతే. "దొంగ సచ్చినోడు. అడిగితే నేనే ఇచ్చేదాన్ని కదే. ఇంకో పొట్లం కూడా ఇచ్చేదాన్ని."

పెచ్చును బట్టల పెట్టె అడుగున, పొట్లాలు దాచే చోటే పెట్టి, పెట్టెకు తాళం వేయకుండా వచ్చి, దుప్పటి మళ్ళీ మడత పెట్టసాగింది.